అధ్యాపక ఉద్యోగ దరఖాస్తులో ‘బోధన, పరిశోధన ఆసక్తులు’ అన్నచోట ఏం రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఎం.ఏ. ఎకనామిక్స్ తర్వాత గ్రామీణ పరపతి (ఊళ్లలో అప్పులు దొరికే తీరు) మీద పిహెచ్‌డీ చేస్తున్నారు, సిద్ధాంత గ్రంథం చివరి దశలో ఉంది. ఒక విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు దరఖాస్తు పెడుతున్నారు. అందులో మీ బోధన, పరిశోధన ఆసక్తుల గురించి ఒక పేజీ రాయమన్నారు. అప్పులు, కౌలు అన్నవి పాత విషయాలని, బిహేవియరల్ ఎకనామిక్స్, మెషీన్ లెర్నింగ్ అని రాస్తేనే ఇంటర్వ్యూకు పిలుస్తారని మిత్రులు చెబుతున్నారు. ఏం రాయాలి, అసలు అధ్యాపకులకు ఈ ఆసక్తులు ఎలా కుదురుతాయి అని అడిగారు.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 23 ఏళ్లుగా అర్థశాస్త్రం చెబుతున్నాను. పరిశోధన కౌలు మీద, గ్రామీణ అప్పుల మీద. ఎంపిక కమిటీల్లో కూర్చున్న అనుభవం కూడా ఉంది. ముందు సూటిగా జవాబు చెబుతాను.

పరిశోధన ఆసక్తి కింద రంగం పేరు కాదు, ప్రశ్న రాయండి. బోధన ఆసక్తి కింద రేపు ఉదయం తరగతిలోకి వెళ్లి చెప్పగలిగిన పేపర్లు మాత్రమే రాయండి. మీకు తెలియని కొత్త పేర్లు తెచ్చి పెట్టుకోకండి. మీ పని గ్రామీణ పరపతి మీద అయితే దాన్నే, మీరు ఎంత దగ్గరగా చూశారో తెలిసేలా రాయండి.

పాత విషయం అన్న మాట దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఆ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. 2019లో జాతీయ నమూనా సర్వే వ్యవసాయ కుటుంబాల పరిస్థితిని లెక్కగట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి, తెలంగాణలో 91కి పైగా. ఒక్కో కుటుంబం మీద సగటు అప్పు ఆంధ్రప్రదేశ్‌లో 2.45 లక్షల రూపాయలు, దేశంలో అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ. 1951-52లో రిజర్వు బ్యాంకు చేయించిన గ్రామీణ పరపతి సర్వేలో రైతుల అప్పుల్లో సహకార సంఘాల వాటా 3 శాతం చిల్లర అని తేలితే దేశమంతా ఉలిక్కిపడింది. ఆ తర్వాత సహకార సంఘాలను పెంచారు, బ్యాంకులను జాతీయం చేశారు, స్వయం సహాయక సంఘాలు వచ్చాయి, మైక్రోఫైనాన్స్ వచ్చింది. ఇన్ని వచ్చాక కూడా ఊళ్లో ప్రైవేటు అప్పు ఎందుకు పోలేదన్న ప్రశ్నకు పూర్తి జవాబు ఇంకా రాలేదు. జవాబు రాని ప్రశ్న ఎన్నేళ్లదైనా పాతది ఎలా అవుతుంది?

ఇక ఆసక్తి ఎలా కుదురుతుందన్నది. నా సంగతి చెబుతాను. నా పిహెచ్‌డీ పరిశ్రమల మీద. మా గైడు ఇచ్చిన విషయం, నిజాయతీగా చేశాను, పట్టా వచ్చింది. కౌలు వైపు నన్ను తిప్పింది తరగతి గది. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఎం.ఏ. మొదటి సంవత్సరం వాళ్లకు పాలు సేద్యం (పండిన పంటను భూస్వామి, కౌలుదారు పంచుకునే పద్ధతి) గురించిన సిద్ధాంతం చెబుతున్నాను. ఆర్థికవేత్త మార్షల్ వాదన మీకు తెలిసిందే. పండిన పంటలో సగం భూస్వామికి పోతుందంటే కౌలుదారు ఒళ్లు వంచి పనిచేయడు, అదనంగా పండించే ప్రతి బస్తాలో అతనికి దక్కేది సగమే కదా. తర్వాత వచ్చిన చ్యూంగ్, స్టిగ్లిట్జ్ వంటి వాళ్లు ఇంకో కోణం చూపించారు. పాలు పద్ధతిలో కరువు వచ్చినా వరద వచ్చినా నష్టాన్ని ఇద్దరూ పంచుకుంటారు, పేద కౌలుదారుకు అది ఒక రకం బీమా అని. బోర్డు మీద రేఖాచిత్రం పూర్తిచేసి వెనక్కి తిరిగేసరికి, గోదావరి డెల్టా నుంచి వచ్చిన ఒక విద్యార్థి లేచి నిలబడ్డాడు. “సార్, మా ఊళ్లో పాలుకు ఎవరూ ఇవ్వరు. ముందే ఎకరాకు ఇన్ని బస్తాలని మాట్లాడుకుంటారు. తుపానుకు చేను పడిపోయినా ఆ బస్తాలు కొలవాల్సిందే. మా నాన్న అలాగే కొలిచాడు” అన్నాడు.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. సిద్ధాంతం ప్రకారం నష్టం భరించే శక్తి ఎక్కువ ఉన్నవాడు నష్టాన్ని ఎక్కువ మోయాలి. డెల్టాలో మాత్రం సొంత సెంటు భూమి లేనివాడే మొత్తం మోస్తున్నాడు. ఎందుకు? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఊళ్లకు వెళ్లడం మొదలుపెట్టాను, ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాను. కొన్ని జవాబులు దొరికాయి. కాలువ నీరున్న చోట మామూలు ఏడాదిలో పంట నమ్మకంగా వస్తుంది, కాబట్టి పంచుకోవాల్సిన నష్టం తక్కువని ఇద్దరూ అనుకుంటారు. భూమి యజమాని పట్నంలోనో విదేశంలోనో ఉంటాడు, కళ్లం దగ్గర నిలబడి పంట కొలిపించుకునే మనిషి లేడు, కాబట్టి అతనికి స్థిరమైన కౌలే సులువు. ఒక భూమి చెక్క కోసం నలుగురు అడిగేవాళ్లు ఉంటారు. వీటన్నిటి వెనక కౌలు మాట నోటి మాటగానే ఉండిపోవడం అనే పెద్ద కారణం ఉంది. కాగితం మీద పేరు పడితే భూమి పోతుందేమోనని యజమానికి భయం. కాగితం లేకపోతే కౌలుదారుకు బ్యాంకు అప్పు రాదు, పంట నష్టపరిహారం రాదు.

ఈ భయం ఎంత గట్టిదో రెండు చట్టాలు చూస్తే తెలుస్తుంది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్ దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. కార్డు గడువు 11 నెలలు, యజమాని ఒప్పుకుని సంతకం పెడితేనే ఇస్తారు. ఆ సంతకం దగ్గరే చాలామంది కౌలుదారుల బండి ఆగిపోయింది. ఒక ఊళ్లో అరుగు మీద కూర్చుని ఒక పెద్దాయనను అడిగాను, కార్డు తీసుకున్నారా అని. “సంతకం అడిగితే వచ్చే ఏడు చేను వేరే వాళ్లకిస్తారు బాబూ” అన్నాడు. మార్షల్ నుంచి స్టిగ్లిట్జ్ దాకా చదివినదాన్ని ఆ ఒక్క వాక్యం ముందు పెట్టి మళ్లీ ఆలోచించాల్సి వచ్చింది. అందుకే నా దృష్టిలో బోధన, పరిశోధన అని రెండు వేర్వేరు ఆసక్తులు ఉండవు. తరగతిలో ఎక్కడ మన దగ్గర జవాబు అయిపోతుందో అక్కడే పరిశోధన మొదలవుతుంది.

ఇప్పుడు మీ పేజీ సంగతి.

‘గ్రామీణాభివృద్ధి, వ్యవసాయ అర్థశాస్త్రం, స్త్రీల సాధికారత, సుస్థిర అభివృద్ధి’ అని వరుసగా రాసిన దరఖాస్తులు నేను వందల్లో చదివాను. ఒక్కటి కూడా గుర్తులేదు. అవి శాఖల పేర్లు. మీరైతే ఇలా రాయవచ్చు: “2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చాక ఆ సంస్థలు వెనక్కి తగ్గిన ఊళ్లలో చిన్న అప్పుల అవసరం ఎవరి దగ్గరకు మళ్లింది? వడ్డీ, హామీ, తిరిగి కట్టే పద్ధతి ఎలా మారాయి? రెండు మండలాల్లో ఇంటింటి సర్వేతో దీన్ని చూస్తున్నాను.” మూడు వాక్యాలు చాలు. చదివినవాళ్లకు మీతో మాట్లాడాలనిపిస్తుంది. కమిటీలో కూర్చున్నవాళ్లు అడిగే ప్రశ్నలు కూడా మీకు తెలిసిన చోటికే వస్తాయి.

మంచి ప్రశ్నకు ఇంకో ఉదాహరణ. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైంది, ఎకరాకు పంటకు 4,000 రూపాయలు, పట్టాదారు పేరు మీద. కౌలుదారుకు రాలేదు. దీనివల్ల కౌలు ధర తగ్గిందా, పెరిగిందా, అలాగే ఉందా? యజమాని తాను సాగు చేసినా, కౌలుకిచ్చినా, బీడు పెట్టినా డబ్బు వచ్చేది కాబట్టి కౌలు తగ్గించాల్సిన అవసరం అతనికి లేదని సిద్ధాంతం చెబుతుంది. నిజంగా అలాగే జరిగిందా అన్నది ఊళ్లో చూడాల్సిన విషయం. ఇలాంటి ప్రశ్న బీఏ విద్యార్థికీ అర్థమవుతుంది, పదేళ్లు పనీ ఇస్తుంది.

పద్ధతిని ప్రశ్నతో కలిపేయకండి. మెషీన్ లెర్నింగ్ ఒక పనిముట్టు. మీరు నిజంగా వాడి ఉంటే, దేనికి వాడారో ఒక వాక్యంలో రాయండి. వాడకపోతే రాయకండి. ఒక ఇంటర్వ్యూలో ఒక అమ్మాయి ఆ మాట రాసుకొచ్చింది. దేనికి వాడతారమ్మా అని అడిగితే నీళ్లు నమిలింది. మాట మార్చి ఊరి గురించి అడిగాం. వాళ్ల అమ్మ డ్వాక్రా సంఘం లీడరు. బ్యాంకు నుంచి వచ్చిన డబ్బును సభ్యులు ఎలా పంచుకుంటారో, ఒకరి పేరున తీసుకున్న అప్పును మరొకరు ఎందుకు వాడుకుంటారో, వాయిదా తప్పినవాళ్ల ఇంటి ముందు ఎవరు ఎలా కూర్చుంటారో ఇరవై నిమిషాలు చెప్పింది. మేమంతా పెన్నులు కింద పెట్టి విన్నాం. అందులో ఒక్క ముక్క కూడా ఆమె రాసిన పేజీలో లేదు. చదువుకున్న చదువుకు అమ్మ సంఘం తగదని ఎవరో నూరిపోసి ఉంటారు. మీకు అలా జరగకూడదనే ఇంత రాస్తున్నాను.

పద్ధతులు ముఖ్యం కావని కాదు. హైదరాబాద్‌లో 104 బస్తీల్లో మైక్రోఫైనాన్స్ మీద జరిగిన అధ్యయనం చూడండి. లాటరీ తీసినట్టుగా సగం బస్తీల్లో ముందుగా శాఖలు తెరిపించి, తేడా కొలిచారు. కొంతమంది వ్యాపారాలు పెరిగాయి కానీ, సగటు కుటుంబం ఖర్చు పెరగలేదని, చెప్పుకున్నంత అద్భుతం జరగలేదని తేలింది. ఆ బృందంలోని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో 2019లో నోబెల్ అందుకున్నారు. అక్కడ కూడా ముందు ప్రశ్న ఉంది, దానికి తగిన పద్ధతి తర్వాత వచ్చింది.

సమాచారం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మన రాష్ట్రాల్లో పరిశోధన చేసేవాళ్లకు ఒక అదృష్టం ఉంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో ఆరు ఊళ్లు ఎంచుకుని, ఊరికి 40 కుటుంబాల చొప్పున 240 కుటుంబాల ఆదాయం, ఖర్చు, అప్పు, పంట వివరాలు ఏళ్ల తరబడి రాయించింది. అందులో రెండు ఊళ్లు అప్పటి మన మహబూబ్‌నగర్ జిల్లావి, ఔరేపల్లి, డోకూరు. వివరాలు రాసేవాళ్లు ఊళ్లోనే కాపురం ఉన్నారు. ఆ అంకెలతో 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త రాసిన వ్యాసం ప్రపంచమంతా చదువుతారు. ఒక కుటుంబానికి ఆ ఏడు ఆదాయం పడిపోయినా ఇంటి ఖర్చు అంతగా పడిపోలేదని, ఊరు ఏదో ఒక విధంగా ఆదుకుంటోందని అందులో చూపించాడు. అతను చూసిన మూడు ఊళ్లలో ఒకదానిలో భూమి లేనివాళ్లకు మాత్రం ఆ ఆసరా తక్కువగా అందిందని కూడా తేలింది. చేబదుళ్లు, చుట్టాల సాయం అని మనం మామూలుగా అనుకునేవాటి విలువను అంకెల్లో చూసినప్పుడు నా విద్యార్థుల కళ్లు వెలుగుతాయి.

జాతీయ నమూనా సర్వేల ఇంటివారీ సమాచారం కూడా ఇప్పుడు ఉచితంగా దొరుకుతుంది. రెండు జాగ్రత్తలు. ప్రతి కుటుంబానికి ఇచ్చిన గుణకాన్ని (ఆ కుటుంబం ఎన్ని కుటుంబాలకు ప్రతినిధో చెప్పే అంకెను) వాడకుండా సగటు తీస్తే ఆ సగటు ఎవరిదీ కాదు. రాష్ట్ర స్థాయికి రూపొందించిన నమూనాను జిల్లా స్థాయికి లాగితే, పది పదిహేను ఊళ్ల సమాచారంతో జిల్లా మొత్తానికి తీర్పు చెప్పినట్టవుతుంది.

సొంతంగా సర్వే చేస్తే ఊరి లెక్కలు తెలియాలి. “ఎంత వడ్డీకి తెచ్చారు” అంటే రైతు “రెండు రూపాయలు” అంటాడు. నూటికి నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. దాన్ని ఫారంలో 2 శాతం అని నింపిన సర్వేలు చూశాను. 2004లో మొదలైన పావలా వడ్డీ పథకం పేరులోనూ ఉన్నది ఈ లెక్కే, నూటికి నెలకు పావలా, ఏడాదికి 3 శాతం.

ఇంతకంటే కనిపించని తప్పు భూమి కొలతలో వస్తుంది. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. ఎకరం ఇరవై సెంట్లు అంటే 1.20 ఎకరాలు. ఎకరం ఇరవై గుంటలు అంటే ఎకరంన్నర. మా దగ్గర ఒక విద్యార్థి తెలంగాణ ఊళ్లలో సర్వే చేసి గుంటలను సెంట్లలాగే చుక్క తర్వాత ఎక్కించాడు. 38 గుంటల చెక్క 0.38 ఎకరాలైంది, నిజానికి అది 0.95. ఆ చెక్కలో 19 క్వింటాళ్ల ధాన్యం పండింది. అతని పట్టికలో ఎకరాకు 50 క్వింటాళ్లు! అసలు దిగుబడి 20. ఇంకా ప్రమాదం ఏమిటంటే, ఈ తప్పు ఎకరంలోపు చెక్కలను ఎక్కువగా కుదిస్తుంది, పెద్ద కమతాలను కొంచెమే కుదిస్తుంది. దాంతో చిన్న కమతాలే బాగా పండుతున్నాయని చక్కటి ఫలితం వచ్చేసింది. 1960ల నుంచి మన దేశంలో నడుస్తున్న పెద్ద చర్చ అది, అమర్త్య సేన్ 1962లో దాని మీద రాశారు. ఆ విద్యార్థి తన ఫలితం ఆ చర్చకు బలం ఇస్తోందని ఒక అధ్యాయమే రాసుకున్నాడు. 50 క్వింటాళ్ల దగ్గర నా వేలు ఆగకపోతే అది అచ్చయ్యేది. మీ పట్టికల్లో ఇలాంటి అంకె కనిపిస్తే సంతోషించకండి, ఫారం తీసి చూడండి.

బోధన ఆసక్తుల విషయానికి వస్తే క్లుప్తంగా చెప్పవచ్చు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన. మీ పరపతి పేపరు ఒక్కటే ఇచ్చి కూర్చోబెట్టరు. అందుకని ఒక మౌలిక పేపరు (సూక్ష్మ అర్థశాస్త్రం గానీ స్థూల అర్థశాస్త్రం గానీ), ఒక పద్ధతుల పేపరు, మీ రంగంలో ఒక ఐచ్ఛికం, ఈ మూడూ రాయండి. గణాంకాలు, ఎకనామెట్రిక్స్ చెప్పేవాళ్లు చాలా శాఖల్లో తక్కువ. అవి చెప్పగలనని ధైర్యంగా రాసి, ఇంటర్వ్యూలో బోర్డు మీద చూపించగలిగితే మీ దరఖాస్తు పైకి వస్తుంది.

ఎలా చెబుతారో కూడా ఒక ఉదాహరణతో రాయండి. నేను డిమాండు వ్యాకోచత్వం (ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందన్న లెక్క) చెప్పేటప్పుడు నిర్వచనంతో మొదలుపెట్టను. మదనపల్లె మార్కెట్‌లో టమాటా ధర పడిపోయిన రోజు నుంచి మొదలుపెడతాను. పంట బాగా పండింది, అయినా రైతు చేతికి వచ్చే డబ్బు ఎందుకు తగ్గింది? ధర సగానికి పడినా ఇంట్లో కూరకు వాడే టమాటాలు రెట్టింపు కావు కాబట్టి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు నిర్వచనాన్ని తడుముకోకుండా అప్పజెబుతారు, కానీ రోడ్డు పక్కన పారబోసిన టమాటాకు, ఆ నిర్వచనానికి సంబంధం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. అది తెలిసిన క్షణంలో చిత్తూరు, కర్నూలు జిల్లాల పిల్లలు ముందు బెంచీల్లోకి వస్తారు. ఆ తర్వాత సూత్రం రాస్తే వాళ్లే లెక్క చేస్తారు.

ఒక చిన్న హెచ్చరిక. డబ్బు కట్టించుకుని వారంలో అచ్చువేసే పత్రికల్లో వ్యాసాల సంఖ్య పెంచుకోవద్దు. యూజీసీ 2025లో తాను గుర్తించిన పరిశోధన పత్రికల జాబితాను నిలిపివేసింది కాబట్టి, ఏ పత్రిక మంచిదో తేల్చుకునే బాధ్యత మీ మీదా, సంస్థల మీదా పడింది. ఇంటర్వ్యూలో ఒక్క వ్యాసాన్ని తీసుకుని ‘మూడో పట్టిక ఎలా వచ్చిందో చెప్పండి’ అని అడుగుతాం. చెప్పగలిగిన వ్యాసం ఒక్కటున్నా చాలు.

మీరు అడగలేదు కానీ, మీ గైడు ప్రశ్న, మీ ప్రశ్న ఒకటే అయితే కొంచెం ఎడం చూపించండి. ‘సిద్ధాంత గ్రంథంలో ఇది చూశాను, అందులో ఇది తేలలేదు, రాబోయే మూడేళ్లలో అది చూస్తాను’ అన్న వరుసలో రాస్తే సరిపోతుంది. ఆ తేలని విషయం ఏమిటో మీకే తట్టకపోతే, మీరు సర్వే చేసిన ఊరికి ఒకసారి వెళ్లి మీ పట్టికలు తెలుగులో చదివి వినిపించండి. నేను అలా చేసినప్పుడు ఒక కౌలు రైతు మధ్యలో ఆపి, “బస్తాల లెక్క సరే, ముందే ఇచ్చే అడ్వాన్సు ఏది?” అని అడిగాడు. నా ఫారంలో ఆ గడే లేదు. తర్వాతి నాలుగేళ్ల నా పని ఆ అడ్వాన్సు మీదే నడిచింది.

పేజీ రాశాక, వీలైతే పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. పరిశోధన ప్రశ్న రాసిన మూడు వాక్యాలు పెట్టినా చాలు, చూసి చెబుతాను.